తెర మీది బీడు

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటావు. నేను గుండెలు బాదుకుని అంతా చెప్పాక "ఏమన్నావే?" అని మొదటికొస్తావు. అందుకే ఉత్తరం. కాగితం మీద పడితే తప్పించుకోలేవు. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? నువ్వు చెప్పిన పనులు ఎగ్గొట్టడానికే ఆ నొప్పి వస్తోందని నాకు ఎప్పటి నుంచో అనుమానం. ఈ ముక్క ఆయనకి చదివి వినిపించకు.

ఇక్కడ కొంప మునిగేటట్టుంది. బీడు పోతోందక్కా. మన పశువులన్నీ మేసే పచ్చిక బీడు. దాన్ని రాతి క్వారీకి ఇచ్చేస్తారట. మొన్న పాలకేంద్రంలో పాలు పరీక్ష చేస్తూ ఉంటే క్వారీ మనుషులు ఇద్దరు, బూట్లు తళతళలాడించుకుంటూ వచ్చారు. గోడకి ఏదో కాగితం అంటించాలట. "జిగురుందా అమ్మా?" అని అడిగితే నేనే వెతికి మరీ ఇచ్చాను. వాళ్ళు వెళ్ళాక చదివితే అది బీడుకి సంబంధించిన నోటీసు. నా చెయ్యి నేనే విరిచేసుకోవాలనిపించింది.

బీడు లేకపోతే పశువులు లేవు. పశువులు లేకపోతే పాలు లేవు, పాలకేంద్రం లేదు, నా ఉద్యోగం లేదు, మీ మరిది నడిపే పాలబండి లేదు. ఆ మనిషి అప్పుడే బండి దగ్గర కూర్చుని టైర్లు తుడుస్తున్నాడు. తుడిచిన టైరే మళ్ళీ తుడుస్తున్నాడు.

విచారణ పెట్టారు. మన తరఫున ఒక వకీలు దొరికాడు. చిన్నవాడే కానీ చురుకైనవాడు. ఆయన చెప్పేది ఏమిటంటే, భూముల చట్టం వచ్చిన ఏడాదికి ముందు నుంచే ఊరంతా ఆ బీడు వాడుకుంటున్నట్టు మనం చూపించాలి. మధ్యలో ఎప్పుడూ వదిలిపెట్టి పోలేదని కూడా చూపించాలి. ఒకసారి వదిలేసిన భూమి అని తేలితే ఇక మనకి హక్కు ఉండదట. మనం ఎప్పుడు వదిలాం? ముత్తాతల నాటి నుంచి మన ఆవులు అక్కడే మేస్తున్నాయి. కానీ కాగితం కావాలంటారు. పాత కాగితాలన్నీ వరద వచ్చినప్పుడు ఆఫీసులోనే నాని ముద్దయిపోయాయి.

అప్పుడు నాకు మనూళ్ళో తీసిన సినిమా గుర్తొచ్చింది! చట్టం రాకముందే తీశారు కదా. షూటింగ్ అయిపోయాక ఊరికి గుర్తుగా ఒక కాపీ పంపారు. దాన్నే ఇప్పటికీ ప్రతి వేసవిలో పాలకేంద్రం గోడ మీద వేసుకుంటాం. కరువు రావడం, జనమంతా మూటలు నెత్తిన పెట్టుకుని ఊరొదిలి పోవడం, చివరికి ముసలాయన ఒక్కడే మిగలడం. ఎన్నిసార్లు చూసినా అక్కడికి వచ్చేసరికి ఊరంతా ముక్కులు చీదుతుంది. అందులో మొదటి సగమంతా బీడే! బీడు నిండా ఆవులే!

నువ్వు సినిమాల్లోంచి చరిత్ర తీయడం గురించి పుస్తకం రాశావు కదా. నేను చదవలేదు, అట్ట మాత్రం చాలా బాగుంది. ఇప్పుడు ఆ చదువంతా ఊరికి అక్కరకు రావాలి. నువ్వొక అభిప్రాయ పత్రం రాసి సంతకం పెడితే చాలునట. కాలేజీలో చరిత్ర చెప్పే మనిషి మాటకి విలువ ఇస్తారని వకీలు అంటున్నాడు.

వెంటనే జవాబు రాయి. కాదన్నావో, పశువులతో సహా వచ్చి మీ మూడో అంతస్తులో మకాం పెడతాను.

నీ చెల్లి

&nbsp;

ముద్దుల చెల్లికి,

జిగురు దగ్గర పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత పేరా చదివాక నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. బావగారు నీ ఉత్తరం నాకంటే ముందే చదివేశారు. మోకాలి సంగతి కూడా చదివారు. రెండు రోజులుగా చెప్పకుండానే నీళ్ళు పట్టి పెడుతున్నారు. నీకు పుణ్యముంటుంది.

పత్రం రాస్తాను. ఇది నువ్వు అడగాల్సిన పనే కాదు. కానీ నా పద్ధతి నీకు ముందే చెప్పాలి, ఎందుకంటే నీకు తొందరెక్కువ.

సినిమాని ఆధారంగా తీసుకునేటప్పుడు కథని నమ్మకూడదు. కథ చెప్పేవాడికి జనం ఏడవాలి, చప్పట్లు కొట్టాలి. దానికోసం వాడు లేని కరువు తెస్తాడు, లేని పెళ్ళి చేస్తాడు. మనూరు కరువొచ్చి ఖాళీ అయిందని ఎప్పుడైనా విన్నామా? లేదు. ఎండాకాలం నీళ్ళకి కొట్టుకున్నారు గానీ ఊరు విడిచి ఒక్కరూ పోలేదు. అదంతా ఆ దర్శకుడి కల్పన. అయితే హీరో ముందు నిలబడి మాట్లాడుతున్నప్పుడు వెనకాల ఏం జరుగుతోందో ఆ దర్శకుడు కూడా పట్టించుకోడు. వెనకాల తీగ మీద ఆరేసిన బట్టలు, వాకిట్లో బోర్లించిన బిందె, దూరంగా మేస్తున్న ఆవు. వాటికి ఎవరూ మాటలు రాయలేదు. కథ అబద్ధమాడినా వెనకాల మేసే ఆవు అబద్ధమాడదు. క్లాసులో నేను మొదటి రోజు చెప్పే మాట ఇదే. పత్రంలో కూడా మొదటి వాక్యం ఇదే ఉంటుంది: ఈ సినిమా కథని నమ్మవద్దు, కథ వెనకాల ఉన్నదాన్ని మాత్రమే చూడండి, అని.

మీ గోడ మీది కాపీ నాకు సరిపోదు. ఇక్కడ పాత ఫిల్ములు దాచే గోదాము ఉంది. అసలు రీళ్ళు అక్కడున్నాయని తెలిసింది. అనుమతి అడిగాను.

ఈలోగా నువ్వు పెద్దవాళ్ళ మాటలు రికార్డు చెయ్యి. మన పెద్దమ్మ, మేకల తాత, ఇంకెవరైనా. ఆ రోజుల్లో బీడు ఎలా ఉండేది, ఎవరి ఆవులు ఎటు మేసేవి, గొడవలొస్తే ఎవరు తీర్చేవారు, ఇలాంటివి అడుగు. ఒక్కటి మాత్రం జాగ్రత్త. సినిమా ఊసెత్తకు. వాళ్ళకి గుర్తున్నదే కావాలి.

బెంగపెట్టుకోకు. మీ ఆయన్ని టైర్లు వదిలేసి అన్నం తినమను.

ప్రేమతో,
అక్క

&nbsp;

ప్రియమైన అక్కకి,

రికార్డింగులన్నీ పంపుతున్నాను. విను, విని ఆనందించు. వకీలైతే కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

పెద్దమ్మకి రికార్డు చేస్తానని చెబితే పెట్టె అడుగున దాచుకున్న చీర తీసి కట్టుకుని, పౌడరు రాసుకుని కూర్చుంది. "పెద్దమ్మా, ఇందులో గొంతే వస్తుంది, బొమ్మ రాదు" అన్నాను. "గొంతుకి మాత్రం మర్యాద ఉండొద్దటే?" అంది. మేకల తాతేమో మాట్లాడిన ప్రతి ముక్కా వెంటనే వినిపించమన్నాడు. తన గొంతు విని "ఈ ముసలాడెవడే?" అని నన్నే అడుగుతాడు!

పెద్దమ్మ చెప్పింది వింటే నీకు ఒళ్ళు పులకరిస్తుంది. "పొద్దున్నే మంచులో ఆవులన్నీ ఒకదాని వెనక ఒకటి పైకెక్కేవే. పైనుంచి చూస్తే సన్నటి దారంలా ఉండేది. ఎర్రావు ఒక్కటి ఆగి తలెత్తేది. అప్పుడు గాలి ఆగిపోయేది. ఎంత నిశ్శబ్దమో!" అంటూ కళ్ళు మూసుకుంది. మర్నాడు మేకల తాతని విడిగా అడిగితే, ఆయనా అదే చెప్పాడు. అదే మంచు, అదే ఎర్రావు, గాలి ఆగిపోవడం కూడా! వీళ్ళిద్దరికీ పొలంగట్టు తగాదా వచ్చి మాటల్లేవు. కూడబలుక్కునే ప్రశ్నే లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సినిమా ఊసెత్తకూడదన్నావు. ఎత్తలేదు. కానీ అక్కా, ఎత్తకపోతే ఏమిటి, ఏటా చూస్తూనే ఉన్నారుగా. నాకే ప్రతి మాటా నోటికొచ్చు. పిల్లలు ఆటల్లో కూడా అవే డైలాగులు కొట్టుకుంటారు.

ఎందుకో తెలియదు గానీ నాకు ధైర్యం వచ్చేసింది. మొన్నటి నుంచి పాలు పోసేవాళ్ళ ముఖాలు కూడా తేటపడ్డాయి. "మీ అక్క రాస్తోందటగా" అని ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. నీ పేరు చెప్పుకుని నేను కాస్త గొప్పలు పోతున్నాను. అనుభవించనీ.

నీ గర్విష్ఠి చెల్లి

&nbsp;

చెల్లికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. ఇది కూర్చుని చదువు. పాలకేంద్రంలో చదవకు, ఇంటికి వెళ్ళి చదువు.

గోదాములో రీళ్ళు చూశాను. చల్లటి గది, చేతికి తొడుగులు, పక్కన ఒక కాపలా మనిషి. మొదట నాకు ఎంత సంతోషమైందో! మన వీధి, మన పాత ఇంటి అరుగు, గడప దాటుతూ కోడిని అదిలిస్తున్న పెద్దమ్మ, పడుచుపిల్ల! తెర మీద చెయ్యి పెట్టి తడిమాను. కాపలా మనిషి కోప్పడ్డాడు.

తర్వాత బీడు వచ్చింది. గోడ మీద చూసినప్పుడు కనిపించనివి అసలు ఫిల్ములో కనిపిస్తాయి. ఒక్కో బొమ్మా ఆపి చూశాను. ఆవుల చెవులకి అంకెల బిళ్ళలున్నాయి. అన్నిటికీ. మనూళ్ళో ఆవు చెవికి బిళ్ళ ఎవరు కుట్టించారే? ఆవుల్ని మనం పేర్లు పెట్టి పిలుచుకున్నాం గానీ అంకెలతో పిలవలేదు. ఆ వెనక కొండ చూశాను. మన కొండకి ఒక్కటే శిఖరం. అక్కడ రెండున్నాయి.

ఆ సినిమాకి ఎడిటింగులో సాయం చేసిన ఆవిడ ఇంకా ఉన్నారు. వెతుక్కుంటూ వెళ్ళాను. చాలా పెద్దావిడ, మనిషి మాత్రం చలాకీ. అడగ్గానే చెప్పేశారు. వాళ్ళు మనూరు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే వానట. బీడంతా బురద, బళ్ళు పైకెక్కలేదు. అందుకని బీడు మొత్తం ఎక్కడో దూరాన ఒక పశువుల ఫారంలో తీసుకున్నారు. వాన తెరిపిచ్చిన రెండు రోజుల్లో మాత్రం మన వీధిలో, మనవాళ్ళతోనే, ఊరొదిలి పోయే దృశ్యం తీశారు. తడి నేల మీద బస్తాలకొద్దీ దుమ్ము తెచ్చి చల్లారట. "మీవాళ్ళు భలే ఏడ్చారమ్మా, సాయంత్రం మళ్ళీ నవ్వుకుంటూ ఇళ్ళకి పోయి వంటలు చేసుకున్నారు" అన్నారు.

అర్థమైందా? మనూళ్ళో నిజంగా తీసింది ఎన్నడూ జరగని సంగతి. ఎప్పుడూ జరిగే సంగతేమో వేరేచోట తీశారు. వెనకాల మేసిన ఆవు అబద్ధమాడదని ఇన్నాళ్ళూ పిల్లలకి నూరిపోశాను. ఆ ఆవులు మనవి కావు.

ఇంకొకటి చెప్పాలి, ఇది ఇంకా కష్టం. పెద్దమ్మ రికార్డింగు పదేపదే విన్నాను. "పైనుంచి చూస్తే సన్నటి దారంలా" అంది. బీడుకి పైన ఏముంది? నిట్టనిలువు రాతి కొండ. అక్కడ నిలబడి కిందికి చూసే వీల్లేదు. పెద్దమ్మ రోజూ ఆవుల వెంట నడిచింది. ఆవిడకి కనిపించాల్సింది ముందున్న ఆవు తోక. పైనుంచి చూసింది కెమెరా. తాత చెప్పిందీ అంతే. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, దయచేసి అలా అనుకోకు. ఏటా చూసీ చూసీ, అసలు బీడు చెరిగిపోయి వాళ్ళ లోపల ఆ బీడే మిగిలింది. నేను కూడా ఎర్రావు తలెత్తడం చిన్నప్పుడు కళ్ళారా చూశాననే అనుకున్నాను.

ఈ సినిమా మనకి సాక్ష్యం కాదు. నేను సంతకం పెట్టలేను. వకీలుకి చెప్పి వేరే దారి చూడమను. పాత పాల లెక్కలో, పశువుల డాక్టరు జ్ఞాపకాలో, ఏదో ఒకటి ఉంటుంది.

నన్ను తిట్టుకో, కానీ జవాబు రాయి.

అక్క

&nbsp;

అక్కా,

వేరే దారి లేదు. పాలకేంద్రమే చట్టం వచ్చాక పెట్టారు. అప్పటి పశువుల డాక్టరు ఎప్పుడో పోయాడు. వకీలు అన్ని చోట్లా తిరిగి వచ్చాడు. ఉన్నది సినిమా ఒక్కటే.

నువ్వు రాసింది నేను నాలుగుసార్లు చదివాను. ఆవులు మనవి కావు, సరే. కొండ మనది కాదు, సరే. కానీ బీడు మనదా కాదా? మన ఆవులు అక్కడ మేశాయా లేదా? నువ్వే చెప్పు. మేశాయి. అది దేవుడికీ తెలుసు, క్వారీ వాళ్ళకీ తెలుసు. మనం లేనిది అడగడం లేదు. ఉన్నదాన్ని ఉందని నమ్మించడానికి ఒక బొమ్మ కావాలి. ఆ బొమ్మ ఎక్కడ తీస్తే ఏం పోయింది? ఆ చెవి బిళ్ళలు నువ్వు తప్ప ఎవరూ చూడలేదు. ఆ ముసలావిడ దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

వకీలు ఇంకో మాట అన్నాడు. అది కూడా రాసేస్తున్నాను, తిట్టదలుచుకుంటే అన్నీ కలిపి ఒకేసారి తిట్టు. నీ పత్రంలో కథని నమ్మవద్దు అనే మొదటి వాక్యం ఉండకూడదట. "సగం నమ్మండి, సగం నమ్మకండి అంటే విచారణాధికారి మొత్తం పక్కన పడేస్తాడు" అంటున్నాడు. ఈ సినిమా ఈ ఊరి జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపించింది అని రాయమన్నాడు. అంతే, ఒక్క వాక్యం.

నువ్వు చదువుకుని వెళ్ళిపోయావు. తప్పని అనడం లేదు. నిన్ను చూసి మేమంతా మురిసిపోయాం. కానీ నేనిక్కడే ఉన్నాను. పొద్దున్నే క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడే ప్రతి మనిషి ముఖమూ నేను చూడాలి. "అక్క రాసిందా?" అని అడుగుతారు. ఏమని చెప్పను? ఆవు చెవికి బిళ్ళ ఉందని రాయలేదు అని చెప్పనా?

నీకు నా మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా సంతకం పెట్టు.

చెల్లి

&nbsp;

ప్రియమైన చెల్లికి,

పత్రం వకీలుకి పంపేశాను. నువ్వు అడిగినట్టే రాశాను. మొదటి వాక్యం తీసేశాను. "ఉన్నదున్నట్టు" అని కూడా రాశాను.

ఇన్నేళ్ళూ పిల్లలకి మొదటి రోజు చెప్పే మాటని నా చేత్తో నేనే కొట్టేశాను. రేపు క్లాసుకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియడం లేదు. బావగారు కాసేపు నా పక్కన కూర్చుని, కాఫీ కలిపి ఇచ్చారు. బీడు నిజం కదా, అది ఒక్కటే చాలు అనుకుంటున్నాను. మనసు ఊరుకోవడం లేదు.

విచారణ అవగానే రాయి. గెలిస్తే రెండు ముక్కలు చాలు.

నీ అక్క

&nbsp;

ప్రియమైన అక్కకి,

రెండు ముక్కలతో పోయేది కాదు. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. నువ్వు చేసిన ఫోన్లు కూడా ఎత్తలేదు. క్షమించు.

విచారణ గది చిన్నది. సున్నం వేసిన గోడ, దాని మీదే సినిమా వేశారు. ఊళ్ళోంచి పాలబండిలో పట్టినంతమందీ వచ్చారు. పెద్దమ్మ ఆ చీరే కట్టుకుంది. క్వారీ వాళ్ళ వకీలు ఒకావిడ. పొగరుమోతు మనిషి వస్తుందనుకున్నాను. కాదు, మెత్తటి మనిషి. పెద్దమ్మ మెట్లెక్కలేకపోతే తనే వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఆవిడ లేచి చెప్పిన మొదటి మాట, "ఈ సినిమా మీద మాకు ఏ అభ్యంతరమూ లేదు" అని. మన వకీలు నా వైపు తిరిగి నవ్వాడు. నాకు గాల్లో తేలినట్టయింది. నీ పత్రం తీసి ఆవిడే పైకి చదివింది. ఉన్నదున్నట్టు చూపించింది అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివింది. "ఇంత చదువుకున్న చరిత్రకారిణి రాశారు, మేం పూర్తిగా ఒప్పుకుంటున్నాం. అయితే సినిమా ఆఖరిదాకా చూద్దాం" అంది.

ఆఖరు వేశారు. ఎండిన బీడు, ఒక్క ఆవు లేదు. తర్వాత మన వీధి, దుమ్ము, మూటలు. వెనక బెంచీల మీద మనవాళ్ళు అలవాటుగా ముక్కులు చీదడం మొదలుపెట్టారు. పెద్దమ్మ ముఖం దగ్గర ఆ వకీలావిడ బొమ్మ ఆపించింది.

"ఇది మీరేనా అమ్మా?"

"నేనేనమ్మా!" అంది పెద్దమ్మ. ముఖం వెలిగిపోయింది, అక్కా. ఎవరో తనని గుర్తుపట్టారని అంత సంబరం.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఊరొదిలి పోతున్నామమ్మా. గడ్డి మాడిపోయింది. చుక్క నీళ్ళు లేవు."

"అందరూనా?"

"అందరం. ఆ ముసలాయన ఒక్కడూ రానన్నాడు."

మన వకీలు ఎగిరి లేచాడు. "అయ్యా, అది నటన! షూటింగు!" అని అరిచాడు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "మరి బీడు మీద ఆవులు? అవీ షూటింగేనా?" అని అడిగింది. అవునంటే ఆవులు పోతాయి, కాదంటే ఊరొదిలి పోవడమూ నిజమైపోతుంది. విచారణాధికారి నీ పత్రం తీసుకుని ఆ వాక్యం వేలు పెట్టి చదువుకున్నాడు. నువ్వు తీసేసిన మొదటి వాక్యం ఆ క్షణాన అక్కడ ఉండి ఉంటే చాలు, మనకి ఇంకో మాట అక్కర్లేకపోయేది. తీసేయమన్నది నేనే.

"మళ్ళీ ఎప్పుడొచ్చారమ్మా?" అని అడిగింది ఆవిడ.

పెద్దమ్మ నోరు తెరిచింది. ఆలోచించింది. గోడ వైపు చూసింది, అక్కడ ఉంటుందేమో అన్నట్టు. మన సినిమాలో తిరిగి రావడం ఎక్కడుంది? "రాలేదమ్మా" అంది చివరికి. చిన్నగా అంది.

అప్పుడు అధికారి నన్ను లేపాడు. "ఏమ్మా, మీ ఊళ్ళో అందరూ చెప్పుకునేది ఇదేనా? ఇలాగే జరిగిందా?" అని అడిగాడు. కాదని చెప్పొచ్చు. అది షూటింగు, సాయంత్రానికి అందరూ ఇళ్ళకొచ్చి వంటలు చేసుకున్నారు అని చెప్పొచ్చు. చెబితే నీ సంతకం అబద్ధమవుతుంది, నీ ఉద్యోగం, నీ పరువు. అందుకే చెప్పలేదని నీకు రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. అలా రాస్తే నీకు నా మీద జాలి అయినా మిగులుతుంది. కానీ నిజం అది కాదు. ఆ క్షణంలో నాకు నువ్వు గుర్తు రాలేదు. వీధి కనిపించింది, దుమ్ము కనిపించింది. పాదాలు కాలుతున్నట్టనిపించింది. నా మూట బరువు కూడా తెలిసింది. తల ఊపాను. అవునండీ, వెళ్ళిపోయాం అన్నాను. నేను పుట్టక ముందు సంగతి, అక్కా.

ఊరివాళ్ళు బీడును వదిలి వెళ్ళినట్టు వాళ్ళ సాక్షులే ఒప్పుకున్నారని ఆర్డరులో రాశారు. పై కోర్టుకి వెళ్ళినా ఇవే మాటలు మళ్ళీ చదువుతారట, లాభం లేదని వకీలు చెప్పేశాడు. కంచె వేశారు. రాయి పేలిస్తే మా గిన్నెలు అదురుతున్నాయి. సగం మంది పశువుల్ని అమ్మేశారు. పాలకేంద్రం ఈ నెలాఖరుతో సరి. మీ మరిది రాళ్ళ లారీకి డ్రైవరుగా పోతానంటున్నాడు. వద్దనడానికి నాకు నోరు లేదు.

పెద్దమ్మని ఎవరైనా తిడతారేమోనని భయపడ్డాను. ఎవరూ తిట్టలేదు. అదే నాకు ఎక్కువ భయం వేస్తోంది. మేకల తాత ఇన్నాళ్ళకి ఆవిడతో మాట కలిపాడు. "ఏం చేస్తాం, మనమే వదిలేసి పోయాం కదా, మన తప్పే" అన్నాడు. వినలేకపోయాను. "తాతా, అది షూటింగు! ఎవరూ ఎక్కడికీ పోలేదు" అని అరిచాను. నన్ను ఎగాదిగా చూసి, "అప్పటికి నువ్వు పుట్టనే లేదు. నీకేం తెలుసే?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తాత వైపే మాట్లాడారు.

పెద్దమ్మకి మాత్రం ఒకటే పట్టుకుంది. రోజూ ఖాళీ క్యాను పట్టుకుని వస్తుంది, పోసేందుకు పాలు లేకపోయినా. "ఏమే, పోవడమైతే పోయాం. మళ్ళీ ఎప్పుడొచ్చామే?" అని అడుగుతుంది. "పోనే లేదు పెద్దమ్మా" అంటే ఒప్పుకోదు. చిన్నపిల్లలా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. వచ్చిన దారి గుర్తు రాకపోతే ఇక్కడ ఎలా ఉన్నామే అంటుంది. ఇవాళ ఇక తట్టుకోలేక, "వానలు పడ్డాక వచ్చాం పెద్దమ్మా, అందరం కలిసి ఆవుల్ని తోలుకుంటూ వచ్చాం" అని చెప్పేశాను. "ఆఁ, అవునవును, ఎర్రావు ముందు నడిచింది" అంది. కళ్ళు తుడుచుకుని, క్యాను చంకన పెట్టుకుని, నెమ్మదిగా ఇంటికి వెళ్ళిపోయింది.

నీ చెల్లి